బావిలో బొక్కెన - ఆకాశములో మనిషి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



అంతరిక్ష యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. ఆకాశపు ముచ్చటను నేను మన బావి గట్టుననే ఆరంభించెదను.

చేంతాడు పట్టి నీరు తోడిన ప్రతి తల్లికి ఒక సంగతి తెలియును. నిండిన బొక్కెన నీటిలో నున్నంతసేపు తేలికగా వచ్చును. నీటిని విడిచి పైకి రాగానే చేతులు లాగివేయును. మార్కాపురపు పలకరాయిని కంభము చెరువులో ముంచి చూడుడు. దాని బరువులో ఇంచుమించు మూడవవంతు నీరే మోయును. భూమి లాగుట మానలేదు. నీరు క్రిందినుండి ఎత్తుచున్నది.

వ్యోమగాములు ధరించు కవచములను భూమిమీదనే పరీక్షించుటకు ఈ సూత్రమే ఆధారము. భూమ్యాకర్షణను ఆపివేయు యంత్రము లోకమున నెచ్చటను లేదు. విమానమును, విసరిన రాయి పోవు వంపులో నడిపినచో లోపలివారికి బరువు తెలియదు. కాని అది ఇరువది, ఇరువదియైదు సెకండ్లు మాత్రమే. గంటల తరబడి సాధనకు నీరే శరణ్యము.

ఈ సాధన ఎందులకు? 1966 జూన్‌లో అమెరికా వ్యోమగామి యూజీన్ సెర్నన్ జెమిని నౌకనుండి వెలుపలికి వచ్చిరి. కాలూనుటకు సరియైన పట్టు లేదు. దేనిని త్రిప్పబోయినను తామే తిరుగసాగిరి. అలసి సొలసి, ముఖమునకెదుటి అద్దము ఆవిరి కమ్మి చూపు ఆనక, పని విడిచి మరలిరి. అదే సంవత్సరము నవంబరులో బజ్ ఆల్డ్రిన్ ముందుగా కొలనులో సాధన చేసి వెళ్లిరి. కాలిపట్టులు కూడ అమర్చిరి. పని సునాయాసముగా నెరవేరెను.

నేడు హ్యూస్టన్ నగరమున 202 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు గల కొలను ఉన్నది. కవచము తొడిగినవారు మునుగక, తేలక నిలుచునట్లు బరువులు కట్టుదురు. చంద్రునిమీది నడకకైనచో ఆరవవంతు బరువు మిగులునట్లు కట్టుదురు. హైదరాబాదునుండి అమెరికా వెళ్లిన తండ్రికి అచ్చట జన్మించిన రాజాచారిగారు ఇట్టి శిక్షణ పొందియే, 2022 మార్చి 15, 23 తేదీలలో అంతరిక్ష కేంద్రము వెలుపల ఒక్కొక్కమారు ఆరు గంటలకు పైగా పనిచేసిరి.

అయితే కొలను చూపలేని సత్యమొకటి గలదు. అందు కవచము తేలినను, లోపలి మనిషిని భూమి లాగుచునే యుండును. కవచములో నీరు కారినచో క్రిందికి జారును. అంతరిక్షములో జారదు, ముఖమునకే అంటుకొనును. 2013 జూలైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో శిరస్త్రాణములో లీటరుకు పైగా నీరు చేరి కన్నులను, ముక్కును కప్పివేసెను. ఆయన తడుముకొనుచు ద్వారము చేరి ప్రాణము దక్కించుకొనిరి. ఆ పిమ్మట శిరస్త్రాణములో నీటిని పీల్చు మెత్తను, శ్వాసగొట్టమును అమర్చిరి. రాజాచారిగారి రెండవ యాత్రలోను సహచరులైన మథియాస్ మౌరర్ శిరస్త్రాణములో కొంత నీరు కనబడెను.

కావున పరీక్ష ఎంత గొప్పదైనను నిజమునకు నీడయే. అది దేనిని చూపునో, దేనిని దాచునో ఎరుగుటయే శాస్త్రజ్ఞానము. బాలబాలికలారా! పుస్తకములో చదివినదానిని బావి గట్టున పరీక్షింపుడు. బావి గట్టున చూచినదానికి కారణమును ఈ గ్రంథాలయపు బీరువాలలో వెదకుడు.