నీటిధారకు లెక్క
(పూండిలో గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ధాన్యము కొలుచుట మీకు మేము నేర్పవలసిన పనిలేదు. రెండు తవ్వలు మానిక యనియు, నాలుగు మానికలు కుంచమనియు ఇచ్చటి ముసలమ్మలు వ్రేళ్లమీద చెప్పగలరు. కాని ధాన్యము కుంచములో నిలిచియుండును. పారు నీరు నిలువదు. అందుచేత ధారను కొలుచునప్పుడు ఎంత నీరు అని మాత్రమేగాక, ఎంతసేపటిలో అనికూడ అడుగవలెను. ఈ రెండవ ప్రశ్నను మరచినచోటనే పొరపాటు జరుగుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పర్యటనలో ఒక గ్రామమునకు పోయితిమి. పేరు చెప్పము. అచ్చటి పెద్దలు మంచినీటి ట్యాంకుకు పంపు కొనదలచి ఇరువురు వర్తకులవద్ద ధరలు తెప్పించిరి. ఒక కాగితముపై గంటకు 6 ఘనపు మీటర్లనియు, రెండవదానిపై నిమిషమునకు 100 లీటర్లనియు ఉన్నది. ఆరెక్కడ, నూరెక్కడ అని, నూరు చూపిన పంపునకే హెచ్చు ధర ఒప్పుకొనిరి. మేమును ఆ సభలో కూర్చుండి తల ఊపినవారమే. బసకు వచ్చి లెక్క వేసికొన్న పిమ్మట తెలిసినది. ఘనపు మీటరనగా 1,000 లీటర్లు. ఆరు ఘనపు మీటర్లు 6,000 లీటర్లు. దానిని గంటలోని 60 నిమిషములచే భాగించిన వచ్చునది 100. రెండు పంపులును ఒక్కటే! మరునాడు సిగ్గుపడుచునే పోయి చెప్పితిమి. అప్పటికే బయానా చెల్లిపోయినది.

మెట్రిక్ కొలతలకు మన దేశమున 1956లో చట్టము వచ్చినది. లీటరు మనకు క్రొత్త కాదు. కాలమే తికమక పెట్టునది. లీటర్లు వేలలో పెరుగుచుండగా కాలము అరువదులలో నడచుచున్నది. సెకనుకు 1 లీటరు వచ్చు ధార నిమిషమునకు 60 లీటర్లు, గంటకు 3,600 లీటర్లు, అనగా 3.6 ఘనపు మీటర్లు ఇచ్చును. రాత్రింబగళ్లు పారినచో దినమునకు 86.4 ఘనపు మీటర్లగును. ఈ 3.6 ఒక్కటి గుర్తున్న చాలును. సెకను లీటర్లనుండి గంట ఘనపు మీటర్లకు పోవునపుడు దీనిచే హెచ్చవేయవలెను. తిరిగి వచ్చునపుడు భాగింపవలెను. ఇది తలక్రిందు చేయువారు చదువుకొన్నవారిలో సైతము కలరు. ఒకే ధారకు గంట ఘనపు మీటర్ల అంకె సెకను లీటర్ల అంకెకంటె తక్కువ వచ్చినచో లెక్క తప్పినట్లే.

పంపు పలకమీది అంకెను మాత్రము నమ్ముకొనవలదు. నీటిని ఎత్తవలసిన ఎత్తు పెరిగినకొలది ధార తగ్గును. 15 లీటర్ల బకెట్టు, సెకను ముల్లుగల గడియారము తీసికొని గొట్టముచివర నిలువుడు. బకెట్టు 10 సెకన్లలో నిండినచో సెకనుకు లీటరున్నర. నిమిషమునకు 90 లీటర్లు, గంటకు 5.4 ఘనపు మీటర్లు.

2019లో ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్లని నిర్ణయించినది. వేయిమంది ఊరికి 55 ఘనపు మీటర్లు కావలెను. పలకపై నిమిషమునకు 100 లీటర్లని చూచి, 9 గంటల 10 నిమిషములు చాలునని పంపు కట్టివేసితిరనుకొనుడు. నిజముగా వచ్చుచున్నది 90 అయినచో ఐదున్నర ఘనపు మీటర్లు తరుగు. అది సరిగా నూరుమంది నీరు. ఆ నూరుగురును ట్యాంకు ప్రక్క ఇండ్లవారు కారు, వీధిచివరివారు. బిందె పట్టుకొని నిలుచున్న ఆ తల్లికి ఏ అంకె తప్పినదో ఎవరు చెప్పుదురు?

ఉద్దానమున ఈ మాట తేలికగా తీసికొనదగినది కాదు. మూత్రపిండముల వ్యాధి ఇచ్చట ఎన్ని ఇండ్లను కృంగదీసినదో మీకే తెలియును. దాని కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. నీటిపై అనుమానము మాత్రము ప్రజలలో బలముగా ఉన్నది. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు పథకము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. దానికి ఏటా 1.12 టి.ఎం.సి. అని పత్రికలలో చదివితిరి. టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఆ 1.12ను 365 దినములకు పంచిన దినమునకు దాదాపు 86,900 ఘనపు మీటర్లు. ఇంచుమించు సెకనుకు ఒక్క ఘనపు మీటరు! ఇంజనీర్లు దీనినే క్యూమెక్కు అందురు. కాలువలవారు చెప్పు క్యూసెక్కు వేరు. అది సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. క్యూమెక్కునకు 35 క్యూసెక్కులకు పైగా పట్టును. పేర్లు దగ్గర, నీరు దూరము.

కొబ్బరి రైతులకు ఒక మాట. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో కూలిన తోటల చోట మొక్కలు వేసి బిందుసేద్యము పెట్టువారు కలరు. గంటకు 8 లీటర్లిచ్చు డ్రిప్పర్లు చెట్టుకు నాలుగు చొప్పున నూరు చెట్లకు గంటకు 3,200 లీటర్లు, అనగా 3.2 ఘనపు మీటర్లు. ఇందాకటి గంటకు 5.4 ఘనపు మీటర్ల ధార దీనికి చాలును. రెండు వందల చెట్లను ఒక్కసారి తెరచినచో చాలదు. అట్టివారు తోటను రెండు భాగములు చేసి వంతులవారీగా తెరువవలెను.

గడియారము మావద్ద ఉన్నది. ఎవరైన బకెట్టు తెచ్చినచో ఇప్పుడే మీ పంపువద్దకు పోదము.