బిడ్డ దస్త్రం సిద్ధం చేద్దాం



ప్రత్యేక అవసరాలు గల బిడ్డకు ఏమి నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది నిర్ణయించేదే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. అందుకై భవిత కేంద్రంలోనో బడిలోనో ఉపాధ్యాయులు మనతో కూర్చున్నప్పుడు వట్టి చేతులతో వెళ్లరాదు. ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాలు నడిపి విరమించిన మేము గట్టిగా చెప్పగలిగిన మాట ఒక్కటే: అక్కడ నోటిమాట నిలువదు, కాగితమే సాక్షి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యం గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల మినహాయింపు వంటి సౌకర్యాలను 17వ సెక్షను పేర్కొన్నది. అడగాలంటే ఆధారం చేతిలో ఉండాలి.

దస్త్రాన్ని నాలుగు భాగాలు చేయండి. మొదటిది గుర్తింపు: జనన ధ్రువపత్రం, ఆధార్, సదరం పత్రం లేదా యూడీఐడీ కార్డు. మనవారికి చిక్కు ఇక్కడే. ఒక కాగితంలో ‘షేక్’, మరొకదానిలో ‘ఎస్‌కే’. ఒకచోట ‘మహమ్మద్’, వేరొకచోట ‘ఎండీ’. గుమస్తా కంటికి వీరు ఇద్దరు మనుషులు. అక్షరం అక్షరం ముందే సరిచూసి దిద్దించుకోండి. రెండవది వైద్యుల నివేదికలు, కొత్తది పైన ఉండేటట్లు. మూడవది మార్కుల పత్రాలు, బిడ్డ రాతపుస్తకాలు. నాలుగవది మీరిచ్చిన అర్జీల నకళ్లు, వాటిపై తేదీతో కూడిన కార్యాలయ ముద్ర. అసలు పత్రాలు చూపించండి, నకళ్లే ఇవ్వండి.

అన్నింటికీ పైన, తల్లి చెప్పగా రాసిన ఒక పుట ఉండాలి. బిడ్డ తనంతట చేయగలిగినవి, బెదరిపోయేవి, ఇంట మాట్లాడే భాష అందులో రాయించండి. ఉర్దూలో అడిగితే చెప్పే జవాబును తెలుగులో అడిగితే చెప్పలేని బిడ్డ మన ఇళ్లలో ఉన్నాడు. ఆ సంగతి కాగితం మీద లేకుంటే, భాష తెలియకపోవడం తెలివి లేకపోవడంగా నమోదయ్యే ప్రమాదమున్నది. ఆ రాత ఏళ్ల తరబడి బిడ్డ వెంట నడుస్తుంది.

సమావేశం ముగిశాక ఒప్పుకున్న ప్రతి అంశం, చేయవలసిన వారి పేరు, మరల కలిసే తేదీ రాతలో అడగండి. తెలుగు చదవరాకుంటే చదివించుకుని విన్న తరువాతే సంతకమో వేలిముద్రో వేయండి. చదివి వినిపించమనడంలో చిన్నతనం లేదు.

యువకులకు మా మనవి: మీ వీధిలో ఇటువంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లి, ఒక్క సాయంత్రం కూర్చుని ఆ దస్త్రం కట్టిపెట్టండి. ఆ తల్లి రేపు సమావేశంలో తల ఎత్తుకుని మాట్లాడుతుంది.