పదునారేండ్ల మెదడు, గంజాయి

విశాఖపట్టణమునకు ముందు సముద్రము, వెనుక మన్యము. 1933లో తెరచిన ఓడరేవు, 1992లో జాతికంకితమైన ఉక్కు కర్మాగారము ఈ యూరికి నానాప్రాంతముల జనమును రప్పించినవి. మన్యమునుండి కాఫీ, మిరియములు, పసుపు దిగును. వానిచాటున గంజాయి మూటలును దిగుచుండును. కొండలలో పండు ఒక రకమునకు ‘శీలావతి’ యని పేరట! ఆ పేరు పెట్టినవారి హాస్యము మెచ్చదగినది కాదు. 2021లో పోలీసువారు ‘ఆపరేషన్ పరివర్తన’ పేర వేలాది యెకరముల పంటను నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చేరువ కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరకును ఒక్కచోట తగులబెట్టిరి. 2024లో ఈ పనికై ‘ఈగల్’ అను ప్రత్యేక దళమే ఏర్పడినది.

ఇవన్నియు పత్రికలలో చదువుచునే యున్నాము. నేను చెప్పదలచినది పదునైదు, పదునారేండ్ల బాలుని తలలో జరుగు సంగతి. పూర్వము బైరాగులు, ముసలివారు త్రాగుచుండలేదా, వారికేమైనది? అని యడుగువారు కలరు. అరువదేండ్లవాని మెదడు కట్టి పూర్తియైన యిల్లు. పదునారేండ్లవానిది ఇంకను గోడలు లేచుచున్న యిల్లు. రెంటికిని ఒకే లెక్క చెల్లదు.

యౌవనారంభమున మెదడు తన నాడీకణముల నడిమి లంకెలలో అక్కరలేనివానిని త్రెంచుకొని, ఉపయోగపడువానిని గట్టిపరచుకొనును. నొసటి వెనుకనున్న భాగము, అనగా ముందుచూపునకు, నిగ్రహమునకు ఆధారమైన చోటు, అన్నిటికంటె కడపట, ఇరువదియైదేండ్లకు దగ్గరగా గాని పక్వము కాదు. ఈ దిద్దుబాటులో పాల్గొను పదార్థములను మెదడే తయారుచేసికొనును. వానిలో నొకదానిని 1992లో కనుగొన్న శాస్త్రజ్ఞులు సంస్కృతమునుండి ‘ఆనంద’ శబ్దమును తీసికొని ‘ఆనందమైడ్’ అని పేరిడిరి. అది రవ్వంత పుట్టి, పని తీరగనే కరగిపోవును. 1964లో ఇస్రాయేలు శాస్త్రజ్ఞులు మెకూలమ్, గయోని గంజాయినుండి వేరుపరచిన టెట్రాహైడ్రోకన్నాబినాల్ ఆ పదార్థము కూర్చుండవలసిన పీటమీదనే గంటలతరబడి కదలక కూర్చుండును. ఎదిగినవానికంటె ఎదుగుచున్నవానికి దీనివలని చెరుపు హెచ్చు.

లేత యెలుకలకు కొన్నిదినములు ఆ పదార్థమునిచ్చి, మానిపించి, పెద్దవైన తరువాత పరీక్షించిరి. మత్తు ఏనాడో వదలినను జ్ఞాపకము మందగించుట, తోడివానితో కలియకుండుట పెక్కు ప్రయోగములలో కనబడినది. ఎదిగిన యెలుకలకు అదే మోతాదు నిచ్చినపుడు అంత చెరుపు నిలువలేదు.

మనుష్యులయెడ ఇంత సూటిగా చెప్పరాదు. స్వీడనులో సైన్యమునకు పిలువబడిన 45 వేలకు పైబడిన యువకులను 15 ఏండ్లు గమనించి 1987లో ఫలితములు ప్రకటించిరి. ఏబదిసార్లకు మించి త్రాగినవారిలో స్కిజోఫ్రీనియా అను మనోవ్యాధి, త్రాగనివారికంటె ఆరు రెట్లు కనిపించినది. ఇతర కారణములను లెక్కలోనికి తీసికొనగా ఆ పెంపు తగ్గినదే గాని పోలేదు. న్యూజీలాండులోని డునెడిన్ నగరమున పుట్టిన వేయిమందిని పరిశీలించి 2012లో ప్రకటించినదేమనగా, లేతవయసున మొదలిడి విడువక త్రాగినవారి ప్రజ్ఞాలబ్ధి 38వ యేటికి సుమారు 8 అంకెలు తగ్గెనని. కవలలపై 2016లో వెలువడిన పరిశోధన దీనిని సందేహించినది. త్రాగిన కవలకును త్రాగని కవలకును చెప్పుకొనదగిన భేదము లేకుండెను. కనుక ఒక్క దమ్ముతో పిచ్చి పట్టునని పిల్లలను బెదరింపకుడు. అది అబద్ధమని తెలిసికొన్న పిల్లవాడు పిమ్మట మనము చెప్పు నిజమును గూడ నమ్మడు. ఎంత చిన్నతనమున మొదలిడిన, ఎంత తరచుగ త్రాగిన అంత యపాయమనియు, వంశములో మనోవ్యాధి యున్నచో అది మరింత యనియు మాత్రము ధైర్యముగ చెప్పవచ్చును.

చదువు సడలుట, నిద్రవేళలు తారుమారగుట, పాత నేస్తములను విడుచుట, అకారణమైన అనుమానములు: వీనిని వయసు తీరనుకొని యేడాది గడపు ఇండ్లు కలవు. తెలిసియు పోలీసుల భయమున దాచు ఇండ్లును కలవు. 1985నాటి మాదకద్రవ్యముల చట్టములో 64-ఏ అను విభాగమొకటి యున్నది. తానుగా వచ్చి ప్రభుత్వ గుర్తింపుగల చోట చికిత్స పొందు వ్యసనపరుని, వాడుక నేరమునకు గాని కొద్దిపాటి సరకునకు గాని విచారణకు ఈడ్వరాదని అది చెప్పుచున్నది. చికిత్స నడుమ మానినచో ఆ రక్షణ పోవచ్చును. డబ్బుకాసపడి సంచులు మోసినవానికి అది లేనేలేదు. సరకు 20 కిలోలు మించినచో పెద్దవారికి శిక్ష పదేండ్లకు తక్కువ కాదు.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. 14446 అను సంఖ్యకు ఫోను చేసినను సలహా యుచితముగ దొరకును. వైద్యునికడకు పోవునపుడు బాలుడు ఏ యేట మొదలిడెనో, ఎంత తరచుగ త్రాగెనో, ఇంటిలో మరెవరికైన మనోవ్యాధి యుండెనో కాగితముమీద వ్రాసికొని పోవుట మేలు.