స్త్రీల యారోగ్యము – మన కర్తవ్యము
(శ్రీకూర్మమున జరిగిన వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



గత సంవత్సరము సమీపమునందలి యొక కళాశాలవారు స్త్రీల యారోగ్యమును గూర్చియు, వైద్యవ్యవస్థను గూర్చియు జరిపిన సదస్సున ప్రసంగింపుమని మమ్ము కోరిరి. వైద్యము మా విద్య కాదు. అయినను చరకసంహిత శారీరస్థానమున గర్భిణీరక్షణమును, సూతికాగార విధానమును చెప్పబడియున్నవి గదా యను ధైర్యముతో పోయి, గంటసేపు ప్రసంగించితిమి. పిమ్మట ఒక బాలిక లేచి, “మా అమ్మకి గర్భసంచీ తీసీసినారు మాస్టారూ. ఏ జబ్బని తీసినారో అమ్మకీ తెలీదు, మాకూ తెలీదు” అనెను. మేము నిరుత్తరులమైతిమి.

ఆ ప్రశ్న యొక్క యింటిది కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో గర్భాశయము తీసివేయబడినవారు దేశమున నూటికి 3.2 మంది కాగా, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. రాష్ట్రములన్నిటిలో నదియే యధికము. అధిక రక్తస్రావమునకును, తెల్లబట్టకును మొదట మందులతో చికిత్స చేయవలసియుండగా, కాన్సరగునను భయముచేత ననేకులు శస్త్రచికిత్సకు సమ్మతించుచున్నారు. చిన్నవయసున గర్భాశయముతోపాటు అండాశయములను గూడ తీసివేసినచో ఎముకలు బలహీనపడును. గుండెజబ్బుల భయమును హెచ్చును. ఈ శస్త్రచికిత్స కొందరకు ప్రాణరక్షకమే. కాని యనవసరముగా జరుగుటను అరికట్టుటకై కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములను రాష్ట్రములు అమలుజరుపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించినది.

దోషమంతయు వైద్యులదే యనజాలము. ఈ క్షేత్రమున ఆలయపు తాబేళ్లు అవయవములను లోనికి ముడుచుకొనుట మనమెల్లరము చూచినదే. మన స్త్రీలును తమ బాధలనట్లే దాచుకొందురు, మనమడుగము. సదస్సునుండి మరలివచ్చిన రాత్రి మేము మా గృహిణి నడిగితిమి. రెండేండ్లుగా కండ్లు తిరుగుచున్నవని యప్పుడు చెప్పినది. పరీక్షింపగా, 12 గ్రాములకు తగ్గకుండవలసిన హిమోగ్లోబిన్ 8 గ్రాములే యున్నది. ఇన్నాళ్లేల చెప్పలేదంటిమి. “మీరెప్పుడడిగారు?” అన్నది. మాకు సిగ్గైనది. 2019-21 సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేలినది. వారిలో నెందరి నెవరడిగిరో!

కావున సభవారికి మూడు మనవులు. గర్భసంచి తీయవలెనని వైద్యులు చెప్పినపుడు, ఏ వ్యాధికి, మందులతో పోదా, అండాశయములనుంతురా యని యడుగుడు. ప్రాణాపాయము లేనిచో, 2008లో శ్రీకాకుళమున స్థాపింపబడిన ప్రభుత్వ వైద్యకళాశాలకు చెందిన యాసుపత్రిలో గాని, విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో గాని రెండవ యభిప్రాయము పొందుడు. రెండవది, ఏటేట ఇంటి స్త్రీలందరకు రక్తపరీక్ష చేయింపుడు. మూడవది, పోషక మహాశయులు కల్యాణమంటపమునకిచ్చు విరాళములలో కొంత యీ కార్యమునకు మరలింపుడు. ఆసుపత్రికి పోయిన దినమున పేదరాలు కోల్పోవు కూలియు, బస్సుచార్జీయు, తోడుపోవు స్త్రీ ఖర్చును సంఘము భరించినచో, పోవనివారును పోవుదురు.

ఆ బాలికకు మేమీయలేని యుత్తరము మన సంఘము చేతలలో నీయవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.