ఒప్పందాల గడువు: స్టాన్లీ ఫిషర్ స్మారకోపన్యాసం

2025 మే 31న, 81 ఏళ్ల వయసులో కన్నుమూసిన స్టాన్లీ ఫిషర్ పేరు చెప్పగానే ముందు ఆయన పదవులే గుర్తొస్తాయి. 1943లో నేటి జాంబియాలోని మజబుకా అనే చిన్న ఊళ్లో, దుకాణం నడిపే కుటుంబంలో పుట్టారు. లండన్‌లో చదివి, 1969లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో డాక్టరేట్ తీసుకున్నారు. షికాగోలోనూ ఎం.ఐ.టి.లోనూ పాఠాలు చెప్పారు. ప్రపంచ బ్యాంకు ముఖ్య ఆర్థికవేత్త, అంతర్జాతీయ ద్రవ్యనిధిలో రెండో స్థానం, సిటీగ్రూప్ ఉపాధ్యక్ష పదవి, బ్యాంక్ ఆఫ్ ఇజ్రాయెల్ గవర్నర్‌గిరీ, చివరికి అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఉపాధ్యక్ష పదవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వీటిని అధ్యాపకుడిగా ఒక జీవితం, బ్యాంకరుగా ఇంకొకటి, గవర్నరుగా మరొకటి అని విడదీసి చూడటం మామూలే. నేను అలా చూడను. జనం ఒకరికొకరు ఇచ్చుకున్న మాటలకు ఒక గడువు ఉంటుంది. ఆ గడువు లోపల ప్రభుత్వం ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్న ఒకే ప్రశ్న ఆయన్ను నలభై ఏళ్లు నడిపించింది. దాన్ని పట్టుకున్నచోట ఆయన గెలిచారు. మరిచినచోట ఆయనా, ఆయన సంస్థా తప్పుదారి పట్టారు.

1970ల మధ్యలో అర్థశాస్త్రంలో ఒక వాదం బలంగా నడిచింది. జనం తెలివైనవాళ్లు, ప్రభుత్వం చేయబోయేది ముందే ఊహిస్తారు, కాబట్టి డబ్బు సరఫరా పెంచినా తగ్గించినా ఉత్పత్తి మీదా ఉద్యోగాల మీదా ప్రభావం ఉండదు అన్నది దాని సారాంశం. ఫిషర్ 1977లో రాసిన వ్యాసం ఈ వాదంలోని మొదటి సగాన్ని ఒప్పుకుని రెండో సగాన్ని కొట్టేసింది. మన పల్లెల్లో పాలేరు జీతం ఏడాదికొకసారి మాట్లాడుకునేవారు. మధ్యలో ధరలు ఎటు పోయినా ఏడాది నిండేదాకా ఆ మాటే చెల్లేది. ఫిషర్ చూపిన లెక్కలో ఒప్పందాలు రెండేళ్లవి. అందువల్ల ఏ ఏడాది చూసినా సగం మంది కార్మికులు నిరుటి అంచనాల మీద కుదిరిన జీతానికే పనిచేస్తుంటారు. ఆ తర్వాత వచ్చిపడిన కుదుపును కేంద్ర బ్యాంకు చూడగలదు, స్పందించగలదు. కార్మికుడూ యజమానీ మాత్రం సంతకానికి కట్టుబడి ఉంటారు. జనం మోసపోనక్కర్లేదు, ఒప్పందానికి గడువు ఉంటే చాలు, ద్రవ్య విధానానికి పని ఉంటుంది.

ఈ ఆలోచనకు మొదటి పెద్ద పరీక్ష 1985లో ఇజ్రాయెల్‌లో వచ్చింది. అంతకు ముందు ఏడాది అక్కడ ద్రవ్యోల్బణం 400 శాతం దాటింది. మన ఉద్యోగులకు కరవు భత్యం ఉన్నట్టే అక్కడ జీతాలూ పొదుపు పత్రాలూ ధరల సూచీకి ముడిపడి ఉన్నాయి. ధర పెరిగితే జీతం పెరుగుతుంది, జీతం పెరిగితే మళ్లీ ధర పెరుగుతుంది. బడ్జెట్ ఒక్కటే బిగిస్తే ఈ గొలుసు తెగదు. ఆ జులైలో అమలైన ప్రణాళిక లోటు తగ్గించి, ఆ దేశ నాణెం షెకెల్ విలువ తగ్గించి డాలరుకు బిగించింది, ధరలను స్తంభింపజేసింది, కార్మిక సమాఖ్యతో మాట్లాడి సూచీ ముడిని కొంతకాలం ఆపించింది. అన్ని ఒప్పందాలనూ ఒకే రోజున, ఒకే దిశలో తిప్పటమే అందులోని కీలకం. ప్రణాళిక ఘనత ప్రధానంగా మైకేల్ బ్రూనో వంటి ఇజ్రాయెల్ ఆర్థికవేత్తలది. ఫిషర్, హెర్బర్ట్ స్టైన్‌తో కలిసి అమెరికా తరఫున సలహా ఇచ్చిన వ్యక్తి. అయినా ఆ సలహాలో 1977 నాటి చూపు స్పష్టంగా కనిపిస్తుంది. మరుసటి ఏడాదికి ద్రవ్యోల్బణం సుమారు 20 శాతానికి దిగింది.

1997 కథ వేరు. అప్పుడు ఆయన ద్రవ్యనిధిలో రెండో స్థానంలో ఉన్నారు. ఆ జులై 2న థాయ్ బాత్ విలువ పడిపోయాక సంక్షోభం ఇండోనేషియాకూ కొరియాకూ పాకింది. అక్కడ రోగం ప్రభుత్వ లోటు కాదు. కంపెనీలూ బ్యాంకులూ తక్కువ గడువుకు డాలర్లలో అప్పు తెచ్చి, ఎక్కువ గడువుకు సొంత నాణెంలో పెట్టుబడి పెట్టాయి. అయినా ద్రవ్యనిధి మొదట రాసిన మందు బడ్జెట్ బిగింపు, భారీ వడ్డీ. నవంబరులో ఇండోనేషియాలో 16 బ్యాంకులను మూయించారు; మిగతా బ్యాంకుల డిపాజిటర్లకు సరైన హామీ లేకపోయేసరికి వాళ్లూ డబ్బు తీసేసుకోవటం మొదలెట్టారు. మొదట్లో బడ్జెట్‌ను అవసరానికి మించి బిగించామని ద్రవ్యనిధి తన సమీక్షలో తర్వాత ఒప్పుకుంది. ఆ నిర్ణయాల్లో ఫిషర్ బాధ్యత చిన్నది కాదు, దాన్ని తగ్గించి చెప్పటం ఆయన స్మృతికి గౌరవం కాదు. అదే ఏడాది సెప్టెంబరులో ద్రవ్యనిధి హాంకాంగ్ సమావేశాల సమయంలో, విదేశీ పెట్టుబడులకు సభ్యదేశాల తలుపులు తెరిపించే అధికారం ద్రవ్యనిధికి ఉండాలన్న ప్రతిపాదనను ఆయన సమర్థించారు. చివరికి కొరియా గండం గట్టెక్కింది ఎలాగో చూడండి. డిసెంబరు 24న విదేశీ బ్యాంకులు తమ స్వల్పకాలిక అప్పుల గడువు పెంచటానికి ఒప్పుకున్నాకే. మందు గడువులోనే ఉంది.

2005లో ఆయన బ్యాంక్ ఆఫ్ ఇజ్రాయెల్ గవర్నర్ అయ్యారు. షెకెల్ విలువ వేగంగా పెరుగుతుంటే, బ్యాంకు 2008 మార్చిలో రోజుకు 2.5 కోట్ల డాలర్లు, జులై నుంచి రోజుకు 10 కోట్ల డాలర్లు కొనటం మొదలెట్టింది. నిల్వలు పెరిగాయి, షెకెల్ దూకుడు తగ్గింది. 2009 ఆగస్టులో వడ్డీ రేటును 0.5 నుంచి 0.75 శాతానికి పెంచి, సంక్షోభం తర్వాత ఆ పని చేసిన తొలి కేంద్ర బ్యాంకుల సరసన నిలిచారు. 2011లో విదేశీయుల కొన్ని మారక లావాదేవీల మీద 10 శాతం రిజర్వు నిబంధన పెట్టారు. హాంకాంగ్‌లో తలుపులు తెరవమన్న మనిషే గడప దగ్గర గొళ్లెం బిగించారు. మనకు ఇది కొత్త సంగతి కాదు. కడప జిల్లాలో పుట్టిన వై.వి. రెడ్డి 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఇదే జాగ్రత్తతో విదేశ మారక నిల్వలు పెంచారు. 1991లో 600 కోట్ల డాలర్లకు అటూ ఇటూగా ఉన్న నిల్వలు 2008 నాటికి 30,000 కోట్లు దాటాయి. ఇజ్రాయెల్‌లో వడ్డీ నిర్ణయాన్ని ఒక్క గవర్నర్ చేతి నుంచి కమిటీకి మార్చిన 2010 చట్టం వెనక ఫిషర్ పట్టుదల ఉంది. మనకు అలాంటి కమిటీ 2016లో వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తలుపులు తెరవమన్నవాడు గొళ్లెం బిగించటం నేర్చుకోవటం కాదు, కుర్చీ మారటం. అప్పులిచ్చేవాడి వైపు కూర్చుంటే ఒక మాట, తీసుకునేవాడి వైపు కూర్చుంటే మరో మాట అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఒట్టి కుర్చీ సంగతే అయితే ఆయన ఎగుమతిదారుల ఒత్తిడికి లొంగి కరెన్సీని పడేయటంతోనే ఆగేవారు. ఆయన అలా ఆగలేదు. కారుచౌక వడ్డీకి ఇళ్ల ధరలు ఎగబాకుతుంటే, 2012 నవంబరులో మొదటి ఇల్లు కొనేవారికి ఇంటి విలువలో 75 శాతం, పెట్టుబడి కోసం కొనేవారికి 50 శాతం మించి రుణం ఇవ్వకూడదని బ్యాంకులకు పరిమితి పెట్టారు. ఇరవై, ముప్పై ఏళ్ల గృహరుణం మీద సంతకం పెట్టే యువ దంపతులకు ఆ వడ్డీ ఎప్పటికీ ఉండదని తెలిసినవాడు చేసే పని అది.

రెండో అభ్యంతరం గట్టిది. ద్రవ్యనిధి నుంచి వచ్చిన కొద్ది నెలలకే సిటీగ్రూప్‌లో చేరటాన్ని ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ 2002లో తన పుస్తకంలో నిలదీశారు. చేసిన మేలుకు ప్రతిఫలమేమో అన్న సూచన అందులో ఉంది. ఆ సూచనకు ఆధారం చూపలేదు, దాన్ని నేను అంగీకరించను. అయితే విధానాలు రాసేవాళ్లూ వాటివల్ల లాభపడే బ్యాంకులూ ఒకే వీధిలో తిరుగుతుంటే జనానికి నమ్మకం సడలుతుందన్న మాటను కొట్టేయలేం. ఫిషర్ విషయంలో దీనికి జవాబు ఆయన ఆఖరి పదవిలో దొరుకుతుంది. 2014 నుంచి ఫెడరల్ రిజర్వ్‌లో ఆర్థిక స్థిరత్వ వ్యవహారాల భారం ఎక్కువగా ఆయనే మోశారు. 2017లో వాషింగ్టన్‌లోని కొత్త ప్రభుత్వం బ్యాంకుల మీది కట్టుబాట్లు సడలించాలని చూస్తుంటే, సంక్షోభం జరిగిన పదేళ్లకే వెనక్కి పోవటం ప్రమాదకరమని బహిరంగంగా చెప్పారు. ఆ అక్టోబరులో, ఉపాధ్యక్ష పదవీకాలం ఇంకా మిగిలి ఉండగానే, వ్యక్తిగత కారణాలతో పదవి వదిలారు. పెద్ద బ్యాంకులు ఎక్కువ సొంత మూలధనం పెట్టాలన్న నిబంధనను, ఒకప్పుడు అలాంటి బ్యాంకులోనే ఉపాధ్యక్షుడిగా పనిచేసిన మనిషి, కుర్చీ దిగేదాకా వదలలేదు.