'రైస్' వెనుక 'వరి'

(కంబం తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డ 'రైస్' అంటే మురిసిపోతాము. అవ్వ 'వరి' అంటే మోటుమాట అనుకొంటాము. ఈ రెండింటి చుట్టరికాన్ని మీ ముందుంచుతాను. 1895లో ముల్లైపెరియారు ఆనకట్ట పూర్తయి, కొండను తొలిచిన సొరంగం గుండా నీరు ఈ లోయకు దిగివచ్చింది. ఆ నీటితో వరి పండించే కంబంకన్నా ఈ ముచ్చటకు తగిన చోటేది?

'రైస్' ఆంగ్లేయుల సొంత మాట కాదు. 13వ శతాబ్దిలో ఫ్రెంచి 'రిస్' నుండి వచ్చింది. దానికి ఇటాలియన్ 'రీసో', ఆ పైన లాటిన్ 'ఒరీజా', ఇంకా పైన గ్రీకు 'ఒరూజా' మూలాలు. అలెగ్జాండరు దండయాత్ర తరువాత థియోఫ్రాస్టస్ ఈ ధాన్యాన్ని గ్రీకులకు వర్ణించి చెప్పాడు.

గ్రీకులకు ఈ మాట ఇరానీ భాషల ద్వారా అందిందని పండితుల అభిప్రాయం. పారశీకంలో 'బిరింజ్', సంస్కృతంలో 'వ్రీహి' దీని బంధువులే. 'వ్రీహి' ఋగ్వేదంలో లేదు, అథర్వవేదంలో ఉన్నది. కనుక వరిని ముందే ఎరిగినవారి నుండి ఆ మాట వచ్చి ఉండాలి. ఎవరు వారు? తెలుగులో 'వరి', గోండిలో 'వంజి', తమిళంలో 'అరిసి' ఉన్నాయి. వీటి వెనుక ఒకే మూలద్రావిడ రూపమున్నదని, 'వ్రీహి' అందులోనిదేనని కొందరు భాషావేత్తలంటారు. ఇరుపక్షాలూ వేరొక ప్రాచీన భాష నుండి గ్రహించాయని మరికొందరంటారు. తీర్పు ఇంకా తేలలేదు. కాబట్టి అంతా మనదేనని చాటుకోవద్దు.

అయితే ఒక్క సంగతి గమనించండి. గోండికి గ్రంథసంపద స్వల్పం. అయినా దాని 'వంజి'ని విడిచి పండితులు ఈ విచారణ సాగించలేరు. వ్రాతలేని నుడి కూడా సాక్ష్యమిస్తుంది. పలకడం ఆగినప్పుడే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.

మన స్థితీ అదే. విజయనగర, నాయకరాజుల కాలాల నుండి ఈ సీమలో ఇంటినుడిగా తెలుగు నిలిచింది. 2006 నాటి చట్టం పదో తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం మన సోదరభాష, చక్కగా నేర్వవలసిందే. కానీ బడిలో తెలుగు లేనిచోట ఇల్లే బడి కావాలి.

నారు, మడి, కంకి, గాదె వంటి సేద్యపు మాటలను మీ పెద్దల నోట విని వ్రాసిపెట్టండి. తెలుగు లిపి రాకుంటే తమిళ లిపిలోనైనా వ్రాయండి. ఆ మాటలతోనే పిల్లలను పలకరించండి. లాటిన్‌ను దాటి వెనుకకు వెళ్ళిన దారి మన పొలం గట్టుకు చేరవచ్చు. అప్పుడు అక్కడ ఆ మాట పలికేవారు ఉండాలి.