మగ్గమును, వెబ్ పనియును



సూరతు నగరమున ఖటోదరా పారిశ్రామిక వాడను దాటి పోవు తెలుగువానికి మరమగ్గముల చప్పుడు పరాయిది కాదు. తెలంగాణమునుండి నేతపనికై వలసవచ్చిన పద్మశాలి కుటుంబము లెన్నియో ఈ నగరమున స్థిరపడియున్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము పాఠశాలలు నడుపుటయే అందుకు నిదర్శనము. అట్టి యిండ్ల పిల్లలు కొందరు నేడు మగ్గమును విడిచి కంప్యూటరు ఎదుట కూర్చుండి వెబ్ పుటలను నిర్మించుచున్నారు. కులవృత్తి పోయెనని పెద్దలు చింతించుట సహజమే. కాని, వృత్తి యనగా పనిముట్టా, పని చేయు పద్ధతియా యన్నది విచారింపదగిన విషయము.

వెబ్ అను ఇంగ్లీషు మాటకు మొదటి అర్థము నేసిన బట్ట. తెలుగునను సాలీడనగా నేతగాడును అగును, గూడల్లు పురుగును అగును. పేరులోని యీ బంధుత్వము పనిలోనికిని వచ్చినది. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జాకార్డు అను నాతడు, అట్టముక్కలకు రంధ్రములు పొడిచి, వాని ననుసరించి పోగులు లేచునట్లు మగ్గమును అమర్చెను. చిత్రమును ముందుగా గుర్తులలో వ్రాసి, యంత్రముచే ఆడించుట అను భావము అచట స్థిరపడినది. ఆ రంధ్రపు అట్టలనే ఛార్లెసు బాబేజి తన గణనయంత్రమునకు వాడదలచెను.

1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున వెబ్బును ప్రతిపాదించెను. 1993 ఏప్రిలు 30న ఆ సంస్థ దానిని సర్వజనుల ఉచిత వినియోగమునకు విడిచినది. నేటికిని వెబ్ పుటకు మూలము మూడు భాషలు. హెచ్.టి.ఎం.ఎల్. పడుగువంటిది, పుటకు నిలుకడ నిచ్చును. సి.ఎస్.ఎస్. రంగును, అంచును దిద్దును. 1995లో పుట్టిన జావాస్క్రిప్టు పుటకు చలనము కల్పించును. వీనిపై ఏటేట క్రొత్త ఉపకరణములు వచ్చుచుండును, పాతవి పోవుచుండును. నిలుచునవి అలవాట్లే. అందు మూడు ముఖ్యమైనవి.

మొదటిది, తెగిన పోగును వెంటనే పట్టుట. మంచి మరమగ్గమున పడుగుపోగు తెగగానే యంత్రము తనంత తానాగును. ఆగకున్నచో గజములకొలది బట్ట చెడును. వెబ్ పనిలో ఈ మేలు చేయునవి పరీక్షలు. ప్రతి మార్పు పిదపను చిన్న చిన్న పరీక్షలు వాటంతటవియే నడచి, లోపమున్నచో ఆ మార్పును ముందునకు పోనీయవు. బ్రౌజరులోనే యుండు తనిఖీ పలకను తెరచి, ఏ పంక్తి దారి తప్పెనో చూచుట నిపుణునికి నిత్యకృత్యము.

రెండవది, చేసినదానిని వ్రాసియుంచుట. ఈ సభలోని ఉద్యోగులకు ఇది చిరపరిచితము. ఫైలులో నోటు పేరాలకు వరుస సంఖ్య లుండును. వ్రాసిన నోటును ఎవ్వరును చింపివేయరు. అభిప్రాయము మారినచో క్రింద మరియొక నోటు వ్రాయుదురు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను ఉపకరణము చేయునదియు ఇదియే. ఏ మార్పును ఎవరు, ఎప్పుడు, ఏల చేసిరో అందు నమోదగును. కారణమును వ్రాయక “సరిచేయబడినది” అని మాత్రము వ్రాయు యువకుడు, “చూచితిని” అని సంతకము పెట్టి ఫైలు పంపు అధికారివంటివాడు.

మూడవది, కంటికి కనబడని వినియోగదారుని తలచుకొనుట. నేసినవానికి చీర కట్టుకొను స్త్రీ యెవరో తెలియదు. అయినను అంచు కరుచుకొనకుండ నేయును. వెబ్ పుటయు అట్లే. లక్ష్మి అను పేరు తీసికొనుడు. కంటికి రెండే అక్షరములు. యూనికోడు లెక్కలో అవి ఏడు సంకేతములు. వెబ్బున సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇరువదియొక్క బైట్లు. పేరునకు ఇరువది బైట్లు చాలునని తలచి గడి కట్టినచో లక్ష్మి పేరే పట్టదు. ఇంటిపేరు ముందు వ్రాయు తెలుగువానిని, తండ్రిపేరు నడుమ వ్రాయు గుజరాతు పద్ధతికి బలవంతముగా ఒదిగించినచో, బడి పత్రమున ఒక పేరు, బ్యాంకున ఒక పేరు, భవిష్యనిధిలో మరియొక పేరు ఏర్పడును. ఆ తేడాను దిద్దించుకొనుటకు మగ్గపు కార్మికుడు దినకూలి వదలుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. గడి కట్టినవాడు ఎన్నడును అతని ముఖము చూడడు. కనుకనే ఆ గడి కట్టునపుడు అతనిని తలచుకొనవలెను.

చూపులేనివారికి పుటను చదివి వినిపించు ఉపకరణములు కలవు. చిత్రమునకు వివరణ వ్రాయనిచో అవి మూగవోవును. ప్రభుత్వ వెబ్ స్థలములకు 2009లోనే ఇట్టి విషయములపై మార్గదర్శక సూత్రములు వెలువడినవి. సూత్రము కాగితముమీద నున్నంతమాత్రమున చాలదు; పుట కట్టువాని చేతి అలవాటు కావలెను.

ఇప్పుడు ఆజ్ఞాపించిన మాత్రమున సంకేతము వ్రాసి యిచ్చు కృత్రిమ మేధ యంత్రములు వచ్చినవి. ఇక మనిషితో పని యేమని కొందరు జంకుచున్నారు. మరమగ్గము వచ్చినపుడును ఈ ప్రశ్న పుట్టెను. చేమగ్గమువారి బ్రతుకు చెదరిన మాట నిజము. ఆ నష్టమును తక్కువ చేసి పలుకరాదు. అయినను నేడొక్క కార్మికుడు పెక్కు మరమగ్గముల నడుమ తిరుగుచు చేయుచున్న దేమి? నాడెను ఆడించుట కాదు. తెగిన పోగును కనిపెట్టి ముడివేయుట. యంత్రము వేగముగా నేసినకొలది ఆ కన్ను మరింత చురుకుగా నుండవలెను. యంత్రము వ్రాసిన సంకేతమును చదువలేనివాడు దానికి పూచీ పడలేడు.

కావున, తల్లిదండ్రులారా, మీ పిల్లలు నేర్చిన ఉపకరణముల పేర్లు మీకు తెలియకపోయినను చింత లేదు. తెగిన పోగును దాచకుండుట, చేసిన పనికి లెక్క చెప్పుట, బట్ట కట్టువారిని మరువకుండుట — ఇవి మీ యిండ్లలో పుట్టిన విద్యలు. వీనిని వారికి ఒప్పగింపుడు. తక్కినది వారు నేర్చుకొందురు.